పదును చూసి విత్తండి

అమెరికాలోని జార్జియాలో తెల్లతోక జింకల కోసం చలికాలపు మేత మడులు సెప్టెంబర్, అక్టోబర్‌లలో వేస్తాం. 2016లో ఆ అదనులో వారాల తరబడి చినుకు పడలేదు. అలాంటి ఏడు నేను దున్నించను. దున్నితే ఉన్న కాస్త తేమా ఆరిపోతుంది. గుప్పెడు మన్ను పిసికి చూస్తాను. ఉండ కట్టకుండా పొడిపొడిగా రాలితే విత్తనాల సంచి విప్పను.

అసలు ముప్పు చిన్న జల్లుతోనే. మొలక లేస్తుంది, ఆపై తడి అందక మాడిపోతుంది. నేల లోతుగా తడిశాకే గోధుమ, ఓట్స్, రై అంగుళం లోతున వేస్తాను. సన్నటి క్లోవర్ విత్తనం పావు అంగుళం దాటకూడదు. దానికి పట్టించే రైజోబియం అనే బాక్టీరియా వేడెక్కిన పొడి మట్టిలో బతకదు. యూరియా వాన ముందే చల్లాలి, లేదంటే నత్రజని గాలిపాలవుతుంది.

అదను దాటిపోతోందా? రైని నమ్ముకోండి. చలికీ కరువుకీ అది తట్టుకుంటుంది.