బండి నూనెలను మార్చు గడువు

మన సభ్యులలో పలువురు బొలేరో వంటి బండ్లను వాడుచున్నారు. వాని నూనెలను మార్చుటకు కిలోమీటర్ల లెక్క యొక్కటే చాలదని మా యభిప్రాయము.

సరకుతో హైదరాబాదు వచ్చి నయాపూల్ దాటు బండిని చూడుడు. అఫ్జల్‌గంజి నుండి మదీనా కూడలికి దూరము స్వల్పమే. కాని రద్దీలో చక్రము కదలకున్నను ఇంజను తిరుగుచునే యుండును. మీటరు నిద్రించును, నూనె కాగుచుండును. కావున బండితో నిచ్చిన పుస్తకములో కఠినమైన వాడుకకు విధించిన తక్కువ గడువునే పాటింపవలెను. కిలోమీటర్లు, నెలలు, వీనిలో ఏది ముందు నిండిన నదియే గడువు. డీజిలు ఇంజనులో నూనె త్వరగా నల్లబడుట సహజము; రంగు చూచి మార్పించుట దండుగ. పాలవలె తెల్లబడినచో మాత్రము నీరు చేరినదని యెంచి బండి నడుపుట మానవలెను.

బ్రేకు నూనె సంగతి వేఱు. అది గాలిలోని తేమను పీల్చును. డాట్ 4 రకము క్రొత్తదైనపుడు 230 డిగ్రీల వఱకు మరుగదు. నూటికి నాలుగుపాళ్లకు లోపుగా నీరు చేరినను 155 డిగ్రీల ప్రాంతముననే మరుగవచ్చును. అపుడు ఆవిరిబుడగలు పుట్టి, పెడలు నేలనంటినను బండి నిలువదు. తిరుగక కొట్టములో నున్న బండికైనను పుస్తకము వేఱుగా చెప్పనిచో రెండేండ్ల కొకసారి దీనిని మార్పింపుడు.

రేడియేటరులో బావినీరు పోయువారు కలరు. సున్నము పేరుకొని సన్నని గొట్టములు పూడును. పుస్తకములో చెప్పిన ద్రవమునే వాడుడు. వేడి తగ్గనిదే మూత తీయకుడు.