తుపాకీ మడమలో నూనె సీసా

ఒకప్పుడు పోలీసుల భుజాన, ఎన్‌.సి.సి. కవాతుల్లో కనిపించిన .303 రైఫిల్‌ పల్లెల్లో చాలామందికి గుర్తే. దాని కడుపులో ఓ నూనె సీసా ఉంటుందని తెలిసినవారు మాత్రం తక్కువ.

భుజానికి ఆనించే చెక్క భాగం మడమ. దాని చివర ఇత్తడి పలక, ఆ పలకకు చిన్న తలుపు. తెరిస్తే లోపల రెండు వస్తువులు. ఒకటి ‘పుల్‌త్రూ’ అనే తాడు, రెండోది బొటనవేలంత లావు ఇత్తడి సీసా. నూనె ఒలకకుండా చుక్కలుగా తీసుకునేందుకు మరమూతకే చిన్న చెంచా అతికి ఉంటుంది. కారకుండా తోలు వాషరు. కాటుక భరిణె అనుకున్నా తప్పులేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ప్లాస్టిక్‌ సీసాలు కూడా వచ్చాయి.

తుపాకీకి అసలు శత్రువు తుప్పు. ఆనాటి తూటాల్లో మందును అంటించే టోపీలో పొటాషియం క్లోరేట్‌ ఉండేది. అది కాలాక గొట్టంలో ఒక రకం ఉప్పు మిగులుతుంది. ఉప్పు గాలిలోని చెమ్మను లాగుతుంది. వానాకాలంలో ఉప్పు జాడీ సంగతి ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. ఇక గొట్టానికి తుప్పు పట్టడం ఎంతసేపు?

ఉప్పు నూనెలో కరగదు. అందుకే కాల్పులు అయ్యాక ముందు గరాటు పెట్టి మరిగే నీళ్లు పోసేవారు. తర్వాత తాడుకు నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు ఫ్లానెల్‌ గుడ్డ కట్టి, వెనుక నుంచి వదిలి ముందు నుంచి లాగేవారు. మన సేనలో ఆ గుడ్డను ‘చిందీ’ అంటారు. గొట్టం పొడిగా తుడిచాకే నూనె చిందీ. నీళ్లు మానేసి నూనె ఒక్కటే పూస్తే తుప్పు లోపలే దాక్కునేది. రెండు యుద్ధాలకూ సిపాయిలను పంపిన పశ్చిమ గోదావరి జిల్లా మిలటరీ మాధవరం వంటి ఊళ్లవారూ ఈ పాఠం నేర్చినవారే.

తొలినాళ్లలో ఆ సీసాలో పోసింది ‘రంగూన్‌ ఆయిల్‌’. బర్మా ఖనిజ తైలం అది. మన తీర జిల్లాల కూలీలు పొట్ట చేతపట్టుకుని ‘రంగం’ పోయిన రోజుల్లో, అక్కడి నూనె తెల్లదొర సేనల తుపాకుల్లోకి చేరేది.

నూనె, గుడ్డ లేకపోతే ఏమవుతుందో వియత్నాంలో అమెరికా సేన చూసింది. 1965 తర్వాత అక్కడికి పంపిన ఎం-16 రైఫిల్‌ను శుభ్రం చేయనక్కరలేదన్న ప్రచారం సాగింది. చాలామందికి శుభ్రపరిచే సామగ్రి ఇవ్వనే లేదు. పైగా తూటాల మందు మార్చారు. గొట్టం వెనుక గదికి క్రోమియం పూత లేదు. కాల్చిన తొడుగు లోపలే ఇరుక్కుంది. చెడిన రైఫిల్‌ చేతబట్టుకుని కుర్రాళ్లు చనిపోయారు. తల్లిదండ్రులకు వారు రాసిన ఉత్తరాలు బయటికొచ్చాయి. 1967లో అమెరికా పార్లమెంటు ఉపసంఘం విచారణ జరిపి సేనాధికారులను తప్పుపట్టింది.

తర్వాత గదికి క్రోమియం పూత పూశారు. నూనె, బ్రష్‌ అందరికీ ఇచ్చారు. ఎలా తుడవాలో చెప్పే బొమ్మల పుస్తకం వేశారు. ఆఖరికి ఎం-16 మడమకూ చిన్న తలుపు పెట్టి, శుభ్రపరిచే సామగ్రి లోపల సర్దారు.