కంటి ఫొటో చదివే కంప్యూటరు

షుగరు వ్యాధి ఉన్నవారు ఏడాదికొకసారి కంటి వెనుక ఉండే రెటీనా పొరను ఫొటో తీయించుకోవాలని మేము చెబుతూ ఉంటాము. ఆ పొరలోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటున్నా మొదట్లో నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. ఇప్పుడు ఆ ఫొటోను కంప్యూటరే చదివేస్తుందని విని, "అయితే ఇక డాక్టరుగారు చూడరాండీ?" అని కొందరు భయంగా అడుగుతున్నారు.

కృత్రిమ మేధ అంటే మంత్రమేమీ కాదు. 2016లో ప్రచురించిన పరిశోధనలో గూగుల్ వారు 1,28,175 రెటీనా ఫొటోలతో కంప్యూటరుకు శిక్షణ ఇచ్చారు. మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ ఆసుపత్రుల ఫొటోలు కూడా వాటిలో ఉన్నాయి. ఏ ఫొటోలో జబ్బు ఎంత ఉందో డాక్టర్లు ముందుగా గుర్తించి పెట్టారు. వాటిని చూసి చూసి యంత్రం పోల్చుకోవడం నేర్చుకుంది.

అయినా జనానికి బెరుకు ఉంది. 2022 డిసెంబరులో అమెరికాలో ప్యూ సంస్థ సర్వే చేయగా, తమ డాక్టరు రోగనిర్ణయానికీ చికిత్సకూ కృత్రిమ మేధపై ఆధారపడితే ఇబ్బందిగా ఉంటుందని నూటికి 60 మంది అన్నారు. అదే సర్వేలో చర్మ క్యాన్సరు పరీక్షకు మాత్రం దానిని వాడితే మంచిదేనని 65 మంది ఒప్పుకున్నారు. ఇందులో వైరుధ్యం లేదనే మా అభిప్రాయం. ఇంకొక జత కళ్లు చూస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. అడిగితే జవాబు చెప్పే మనిషి లేకుండా పోతాడేమోనన్నదే దిగులు.

ఆ దిగులు పూర్తిగా ఉత్తిది కూడా కాదు. థాయిలాండులో 2018-19లో ఈ గూగుల్ పద్ధతినే కొన్ని క్లినిక్కులలో వాడి చూశారు. అక్కడ చీకటి గది లేనిచోట్ల ఫొటోలు మసకగా వచ్చేవి. మొదటి ఆరు నెలల్లో తీసిన 1,838 ఫొటోలలో 21 శాతాన్ని యంత్రం చదవనన్నది. అలాంటివారు ఇంకొక ఆసుపత్రికి వెళ్లాలి. కూలి పని మానుకుని, బస్సు చార్జీ పెట్టుకుని వెళ్లే మనిషికి అది చిన్న సంగతా? యంత్రం ఎంత కచ్చితంగా చెబుతుందన్న దానికంటే, మళ్లీ ఎంత దూరం తిరగాలన్నదే అక్కడి రోగులకు పెద్ద ప్రశ్న అయింది.

మీకు ఎక్కడైనా ఇలాంటి పరీక్ష చేస్తే, "ఈ రిపోర్టును ఏ డాక్టరు చూశారు?" అని మొహమాటపడకుండా అడగండి. యంత్రం తనకు నేర్పిన జబ్బునే వెతుకుతుందని కూడా గుర్తుంచుకోండి. షుగరు వల్ల వచ్చే దోషం లేదన్నంత మాత్రాన శుక్లమూ నీటికాసులూ లేవని కాదు. చూపు హఠాత్తుగా మసకబారినా, కంటి ముందు నల్లచుక్కలు తేలుతున్నా పాత రిపోర్టును నమ్ముకుని ఇంట్లో ఉండకండి, ఆ రోజే కంటి డాక్టరు వద్దకు రండి.