పాత ఇంజనుకు ఊపిరి పోయుట

అంబాసిడరు కారు పేరు విననివారు మన దేశమున అరుదు. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అను కారును మాదిరిగా గైకొని, పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సు వారు దీనిని 1950వ దశకము చివరినుండి 2014 వరకు నిర్మించిరి. నిర్మాణము ఆగిపోయినను, కొందరు ఈ బండ్లను నేటికిని మక్కువతో కాపాడుకొనుచున్నారు. అట్టి బండి ఒకటి మిట్ట ఎక్కలేక రొప్పసాగినప్పుడు యజమానికి రెండే దారులు తోచును: దానిని తుక్కు క్రింద అమ్మివేయుట, లేదా ఇంజను పైభాగమును విప్పి బాగుచేయుట. ఓర్పు గలవారు, పని తెలిసిన పెద్దల సాయముతో, ఈ రెండవ పనిని ఇంటివద్దనే చేసికొనవచ్చును. దానికి చేతిబలముకంటె ఆలోచన ఎక్కువ కావలెను.

ఈ కారులో చిరకాలము వాడిన పెట్రోలు ఇంజను పరిమాణము 1489 ఘన సెంటీమీటర్లు. అందులో నాలుగు సిలిండర్లు కలవు. వాటిలో పిస్టనులు మీదికిని క్రిందికిని కదలుచుండును. సిలిండర్లపై మూతవలె బిగించిన బరువైన పోతయినుప దిమ్మయే హెడ్డు. దానిలో సిలిండరుకు రెండేసి చొప్పున ఎనిమిది వాల్వులు ఉండును. ఒకటి పెట్రోలు కలసిన గాలిని లోనికి రానిచ్చును. రెండవది కాలిన పొగను వెలికి పంపును. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు ప్రతి వాల్వును సెకనుకు 25 మారులు తెరచుకొని మూసికొనును. ఏండ్లు గడవగా వాల్వుల అంచులు కాలి గుంటలు పడును. మసి పెచ్చులు కట్టును. అప్పుడు వాల్వు సరిగా మూసికొనక, లోపల నొక్కబడిన గాలి జారిపోవును. బలము తగ్గుటకు కారణమిదియే.

అయితే విప్పుటకు ముందే లోపమెక్కడనో తెలిసికొనవలెను. స్పార్కు ప్లగ్గు తీసి, ఆ రంధ్రమున ఒత్తిడి కొలుచు గేజి నుంచి, ఇంజనును తిప్పవలెను. ఏ సిలిండరులోనైన ఒత్తిడి తక్కువగా నున్నచో, అందులో ఒక చెంచాడు ఇంజను నూనె పోసి మరల కొలువవలెను. ఇప్పుడు ఒత్తిడి బాగుగా పెరిగినచో పిస్టను రింగులు అరిగినవని అర్థము. ఏలయన నూనె వాటి సందులను కొంతసేపు మూయును. అట్టిచో పైభాగమును ఎంత బాగుచేసినను ఫలము స్వల్పము. ఒత్తిడి పెరుగనిచో లోపము వాల్వులలోనో, హెడ్డు క్రింది గాస్కెట్టులోనో ఉన్నదని ఊహింపవచ్చును. ఒక్క చెంచాడు నూనె ఎన్ని దినముల వృథాశ్రమను తప్పించునో చూడుడు!

ఇంజను పూర్తిగా చల్లారిన పిదప, బ్యాటరీ తీగ విప్పి, రేడియేటరు నీటిని దింపవలెను. సమీపమున నిప్పు ఉండరాదు. కంటికి కనబడని పెట్రోలు ఆవిరి ఇట్టే అంటుకొనును. వాల్వులను నడుపు కడ్డీలను తీయునప్పుడు, ఒక అట్టకు వరుసగా రంధ్రములు చేసి, అంకెలు వేసి, వాటిలో గ్రుచ్చి యుంచవలెను. ఏండ్ల తరబడి కలసి అరిగిన భాగములు ఒకదానితో నొకటి ఒదిగి యుండును. తారుమారైనచో ఆ పొందిక చెడును.

హెడ్డును తీసి మసిని గీకివేసిన పిమ్మట, ప్రతి వాల్వు అంచుకును గరుకు పేస్టు పూసి, దాని పీఠముపై నుంచవలెను. రబ్బరు కప్పు గల కర్రను దానికి అంటించి, అరచేతుల నడుమ కవ్వమువలె అటునిటు త్రిప్పవలెను. అంచు చుట్టును తెగని బూడిదరంగు వలయము ఏర్పడినచో చాలును. పేస్టు రవ్వంతయైనను మిగులరాదు. మిగిలినచో అది ఇంజనునే అరగదీయును. వాల్వులను మరల అమర్చి, హెడ్డును తలక్రిందులుగా నుంచి, గుంటలలో కిరసనాయిలు పోసి చూడవలెను. చుక్కయైనను కారనిచో పని కుదిరినట్లే.

ఇచట మరియొక సంగతి గమనింపదగినది. పూర్వము పెట్రోలులో సీసము కలుపుచుండిరి. అది వాల్వు పీఠములపై సన్నని పొరగా నిలిచి వాటిని కాపాడుచుండెను. కాని సీసము పిల్లల మెదడునకు మిక్కిలి హానికరము. కావున 2000 సంవత్సరమున మన దేశమున సీసము కలిపిన పెట్రోలు అమ్మకమును మాన్పించిరి. అది మేలైన పనియే. అయినను పోతయినుములోనే చెక్కిన పాత పీఠములు ఆ రక్షణ లేక త్వరగా అరుగును. అట్టి హెడ్డునకు గట్టిలోహపు వలయములను వర్క్‌షాపులో అమర్పించుట మంచిది. అది ఇంటిలో కాదగిన పని కాదు.

తుదకు క్రొత్త గాస్కెట్టు వేసి, హెడ్డు నట్లను నడుమనుండి అంచులకు, పలు విడతలుగా, తయారీదారులు చెప్పిన బిగువునకు బిగింపవలెను. ఒక ప్రక్కనే ముందు బిగించినచో హెడ్డు వంగును. వాల్వుపై వారు చెప్పినంత సందును విడువవలెను. వేడికి లోహము వ్యాకోచించును గదా! సందు లేనిచో వాల్వు మూసికొనక మరల కాలిపోవును.

ఇంత శ్రమ పడి ఇంజనును మేల్కొల్పినవాడు, ఆపై దాని చప్పుడులో చిన్న మార్పు కలిగినను గుర్తుపట్టును. వస్తువును బాగుచేయ నేర్చినవానికి దానిని జాగ్రత్తగా వాడుట వేరుగా నేర్పనక్కరలేదు.