తాళము – తాళపుచెవి

తాళమును తెరచు సాధనమును మనవారు ‘చెవి’ యన్నారు. ఇంటి యజమానురాలి నడుమున వ్రేలాడు ఆ చిన్న ఇనుపముక్కకు పెద్ద చరిత్ర కలదు.

ప్రాచీన ఈజిప్టు, అస్సీరియా దేశములలో తాళములు కొయ్యవి. గడియకు గల రంధ్రములలోనికి పైనుండి కొయ్యమేకులు జారి, దానిని కదలనీయవు. చెవికున్న పండ్లు ఆ మేకులను పైకెత్తినప్పుడే గడియ జరుగును. 1860 దశకములో అమెరికాలో లైనస్ యేల్ ఈ సూత్రముననే చిన్న ఇత్తడి గొట్టములో ఇమిడ్చి, నేటి తలుపు తాళమునకు మూలపురుషుడయ్యెను.

ఇక మన గుంటూరు, ఒంగోలు ప్రాంతముల సంగతి. నల్లరేగడి రైతునకు పత్తి, మిరప అమ్మిన సొమ్ము ఏడాది కొక్కమారు చేతికి వచ్చెడిది. బ్యాంకులు దూరముగా నున్న ఆ దినములలో రొక్కము, నగలు, దస్తావేజులు భోషాణములోనే యుండెడివి. వడ్రంగి పెట్టె చేయగా, కమ్మరి దానికి పట్టీలు, గొళ్ళెము బిగించెడివాడు.

పాత ఇనుప తాళములలో ఒక రకమునకు చెవిని త్రిప్పనక్కరలేదు, లోనికి నెట్టవలెను. కొక్కెమునకు అతికిన ఉక్కురేకులు తాళములోనికి పోగానే విచ్చుకొని, మరల వెలికి రానీయవు. చెవి ఆ రేకులను నొక్కి దగ్గరకు చేర్చగా కొక్కెము ఊడి వచ్చును. పనివాని నేర్పంతయు రేకునకు పదును పెట్టుటలో నున్నది. పదును మించిన రేకు విరుగును. చాలనిది వంగి యట్లే యుండిపోవును. చెవిని ఆకురాయితో రాచి, ఏ తాళమునకు ఆ చెవినే సరిపుచ్చవలెను.

భేద్యము కాని తాళము కలదా? లండనులో బ్రామా 1784లో తాళము నిర్మించెను. దానిని చెవి లేకుండ తెరచినవారికి 200 గినీలు బహుమానమని ఆయన దుకాణమున ప్రకటన యుండెడిది. 1851లో హాబ్స్ అను అమెరికా దేశస్థుడు 16 దినములలో, మొత్తము 51 గంటలు శ్రమించి దానిని తెరచెను. దొంగకు ఆలస్యము కలిగించుటయే తాళము పని. తక్కినది చెవి పట్టిన చేతి నమ్మకము. తిరుమలలో తెల్లవారుజామున సన్నిధి తలుపులు తెరచు వేళ సన్నిధి గొల్లకు గల స్థానము ఆ నమ్మకమునకు గుర్తు.

1897లో బొంబాయిలో గోద్రెజ్ వారు తాళముల తయారీ ప్రారంభించిరి. యంత్రపు తాళము చవుకగా దొరకుటతో కమ్మరి కొలిమికి ఆ పని తగ్గిపోయెను. తమిళనాట దిండిగల్లు తాళమునకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన పల్లెల పనివారి పేర్లు మాత్రము ఏ తాళము మీదను కానరావు. నేడు మిరప శీతల గిడ్డంగులకు, సొమ్ము బ్యాంకులకు చేరుచుండగా, భోషాణములు ముక్కలై, తాళములు పాత ఇనుము క్రింద తూకమునకు పోవుచున్నవి.

మీ ఇంట అట్టి తాళమున్నచో సుత్తితో కొట్టకుడు. త్రుప్పు పట్టినచో నూనె చుక్కలు వేసి ఒక దినము ఆగుడు. చెవిని తాళమునకే కట్టి యుంచుడు. దానిని చేసినవాని పేరు, ఊరు పెద్దలకు జ్ఞాపకమున్నచో ఒక చీటిపై వ్రాసి జతపరచుడు. చెవి పోయిన తాళమునకు మారు చెవి చేయింపవచ్చును. మరచిన పేరును తిరిగి తెచ్చువారు లేరు.