స్తంభన లోపం: సిగ్గు కాదు, శరీరం పంపే సూచన

పురుషాంగంలో ఎముక లేదు. అయినా అది దృఢమవుతుంది. సైకిలు ట్యూబుకు గాలి ఎటువంటిదో, దానికి రక్తం అటువంటిది. ఈ సంగతి గ్రహిస్తే, ‘నపుంసకత్వం’ అనే మాట వెనుక దాగిన భయం చాలావరకు తొలగుతుంది.

అంగం లోపల స్పంజి వంటి కణజాలంతో కూడిన రెండు స్తంభాలు పక్కపక్కనే ఉంటాయి. అంతగా సాగని గట్టి తెల్లని పొర వాటికి తొడుగు. కామోద్దీపన కలిగినప్పుడు నరాల కొనల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ వెలువడుతుంది. దానితో స్పంజిలోని నునుపు కండరాలు సడలి, ధమనులు వెడల్పై, రక్తం వేగంగా నిండుతుంది. ఉబ్బిన స్పంజికీ తెల్లని పొరకూ నడుమ సిరలు నలిగి, రక్తం వెనుకకు మరలే దారి దాదాపు మూసుకుపోతుంది. అప్పుడు లోపలి పీడనం సుమారు 100 మిల్లీమీటర్ల పాదరస స్థాయికి చేరుతుంది.

వంగకుండా నిలవడానికి పీడనం ఒక్కటే చాలదు. కణజాలం ఎంత సాగగలదు, అంగం పొడవుకు తగిన లావు ఉన్నదా అనేవి కూడా ముఖ్యమే. సన్నని పొడవాటి కర్రపై భారం మోపితే వంగుతుంది. అంతే పొడవు గల లావాటి కర్ర నిలుస్తుంది. అందుచేత లోపం ఎక్కడ ఉన్నదో కనుగొన్న తరువాతనే చికిత్స నిర్ణయించాలి. ధమనులు పూడుకుంటే రక్తం చాలినంత రాదు. సిరలు సరిగా మూసుకోకపోతే వచ్చిన రక్తం నిలవదు. మధుమేహం నరాలనూ నాళాలనూ దెబ్బతీస్తుంది. తెల్లని పొరలో మచ్చ గట్టిపడితే అంగం వంకర తిరుగుతుంది. ఆందోళన, కొన్ని మందులు, హార్మోను లోపం కూడా కారణాలే. నిద్రలో, వేకువన స్తంభన యథావిధిగా కలుగుతూ ఉంటే కారణం మానసికమై ఉండవచ్చు.

అన్నిటికన్నా గమనించదగినది గుండె సంగతి. అంగపు ధమనుల వెడల్పు 1–2 మిల్లీమీటర్లు. గుండె ధమనులది 3–4 మిల్లీమీటర్లు. కొవ్వు పేరుకునే జబ్బు ఒక్కటే అయినా, సన్నని నాళం ముందుగా బయటపడుతుంది. కాబట్టి స్తంభన లోపం పలువురిలో గుండెజబ్బుకు కొన్నేళ్ల ముందే కనిపించే హెచ్చరిక. దీనిని దాచిపెట్టుకున్నవాడు ఆ వ్యవధిని పోగొట్టుకుంటాడు.

1998 నుంచి వాడుకలో ఉన్న సిల్డెనాఫిల్ మాత్ర, నైట్రిక్ ఆక్సైడ్ ప్రభావాన్ని ఎక్కువసేపు నిలుపుతుంది, కోరికను పుట్టించదు. గుండెనొప్పికి నైట్రేటు మందులు వాడేవారు దీనిని తీసుకోరాదు. రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. స్తంభన నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే తక్షణమే ఆసుపత్రికి వెళ్లాలి.

గోడల మీద, బస్టాండుల వద్ద కనిపించే ‘రహస్య చికిత్స’ ప్రకటనలను నమ్మవద్దు. మందుతో లైంగిక సామర్థ్యం పెంచుతామని ప్రకటించడాన్ని 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల చట్టం నిషేధించింది.

పరభాషలో ఈ మాట చెప్పడానికి సంకోచమైతే, “బీపీ, షుగరు చూపించుకోవాలి” అని చీటీ తీసుకోండి. తక్కిన సంగతి వైద్యుని గదిలో చెప్పవచ్చు. ఆ రెండు పరీక్షలు ఎట్లాగూ అవసరమైనవే. పొగతాగడం మానడం, రోజూ నడవడం కూడా చికిత్సలో భాగమే.