అద్భుత కథకు మజిలీ ఎక్కడ?

వార్షిక సంచికకు రచనలు కోరినప్పుడెల్ల గేయాలతో, వ్యాసాలతో పాటు ఒకటి రెండు నవలలు కూడ నోటుపుస్తకాలలో మా బల్లమీదికి చేరుతుంటాయి. వాటిలో మాంత్రికులు, మాయాద్వీపాలు, ఎగిరే గుర్రాలు గల కథలే అధికము. వ్రాసినవారి ఊహకు కొరత లేదు. అయినను పది పుటలు దాటునప్పటికి పాఠకునికి ఆయాసము కలుగుతుంది. లోపము కల్పనలో లేదనీ, గమనంలో ఉన్నదనీ మా అభిప్రాయము.

ఇట్టి నవలలలో తరచు కనిపించే తీరు ఒకటి ఉన్నది. మొదటి ప్రకరణమంతా రాజ్యము యొక్క పుట్టుపూర్వోత్తరాలు, రాజుగారి వంశావళి. రెండవ ప్రకరణము నుండి పుటకొక యుద్ధము, పుటకొక రాక్షసుడు. ముందు కథ కదలదు, తరువాత నిలువదు. వేగమే గమనమని మన యువ రచయితలు భావిస్తున్నట్లు తోస్తుంది. ఎక్కడ నిలపవలెనో తెలిసినవాడే ప్రయాణము చేయించగలడన్న సంగతి మన పూర్వ కథకులు బాగా ఎరుగుదురు.

‘మజిలీ’ అనే మాటనే చూడండి. ఉర్దూలోని ‘మంజిల్’ తెలుగుదేశంలో మజిలీగా మారి స్థిరపడినది. మధిర సుబ్బన్న దీక్షితులవారు పన్నెండు భాగాల కథాసముదాయానికి ‘కాశీమజిలీ కథలు’ అని పేరు పెట్టినప్పుడు కథను నడిపే పద్ధతిని కూడ ఆ పేరులోనే చెప్పినారు. మణిసిద్ధుడు కాశికి నడిచి పోతుంటాడు. వెంట ఒక గోపబాలకుడు. మజిలీ చేసిన ప్రతిచోట ఆ బాలుడు ఒక వింత చూచి దాని కథ అడుగుతాడు. ఆ ప్రశ్న పుట్టనిదే కథ మొదలు కాదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పినట్లుండేవి మన విద్యార్థుల వంశావళులు! పాఠకునిచేత ముందుగా ‘ఇదేమి?’ అనిపించి, ఆ తరువాత వంశావళి చెప్పినచో ఎవరును విసుగుకొనరు.

ఉర్దూ దాస్తాన్‌గోలు ఈ విద్యను మరింత పదును పెట్టినారు. రజ్మ్, బజ్మ్, తిలిస్మ్, అయ్యారీ అని దాస్తాన్‌కు నాలుగు అంగాలు చెప్పుతారు: యుద్ధము, విలాస సభ, మాయాలోకము, మారువేషాల గూఢచర్యము. ఒకదాని వెంట మరొకటి వచ్చుటలోనే శ్రోతకు విశ్రాంతి, ఉత్కంఠ రెండును లభిస్తాయి. కథను ఆపుట ఒక ప్రత్యేక నైపుణ్యముగా ఎంచబడేది. ప్రియుడు ప్రియురాలి మందిరము చేరినాడు, నడుమ ఒక్క తెర మాత్రమే మిగిలినది. అక్కడ కథ నిలిపి, ఆ తెరనే వర్ణిస్తూ ఒక దాస్తాన్‌గో వారం రోజులకు పైగా శ్రోతలను కూర్చుండబెట్టినాడని ఒక ముచ్చట చెప్పుకొంటారు. అది తెర ఎత్తబడే క్షణానికి ముందరి ఆలస్యము. అదే వర్ణనను కథారంభంలో చేసియుంటే శ్రోతలు లేచి ఇండ్లకు పోయేవారే.

తిలిస్మ్ విషయంలో మన రచయితలు గమనించదగినది మరొకటి కలదు. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రాలయము 1883 నుండి ప్రకటించిన ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’లో మొదటి నాలుగు సంపుటాలు ముహమ్మద్ హుసేన్ జాహ్, తక్కినవి అహ్మద్ హుసేన్ కమర్ రచించినారు. అందులోని మాయారాజ్యానికి అఫ్రాసియాబ్ చక్రవర్తి. అంతటి మాయకును ఒక కట్టుబాటు ఉన్నది. దానిని ఛేదించువాడు ఫలానా అని ముందే నిర్ణయమై ఉంటుంది. ఛేదించే ఉపాయము ‘లౌహ్’ అనే ఫలకంపై వ్రాయబడి ఉంటుంది. జయము ఎవరిదో శ్రోతకు తెలియును. తెలియనిది, అది ఎట్లు ఎప్పుడు సిద్ధించునన్నదే. ఆ నిర్ణయింపబడిన వీరుడు అసద్ తొలి సంపుటంలోనే బందీ అవుతాడు! అప్పుడు భారమంతా అమర్ అయ్యార్ మీద పడుతుంది. అతడు మంత్రాలు పఠించువాడు కాడు. మారువేషము, మత్తుమందు, మాటల గారడి, వీటితోనే మాంత్రికులను వంచిస్తాడు. అతని జంబీల్ అనే సంచిలో లోకమంతా పట్టును గాని, దానితోనే పని కాదు, బుద్ధి కావలెను. చేతిలో మంత్రమున్న నాయకుడు మంత్రముతో గెలిచినచో కథకు గమనమేది?

మేమిట్లు అనగానే ‘వారు ఆరితేరిన కథకులు, మేము విద్యార్థులము’ అని మీరనవచ్చును. దేవకీనందన్ ఖత్రీ కూడ మొదట రచయిత కాడు. అడవులలో కలప గుత్త చేసుకొనినవాడు. చకియా, నౌగఢ్ అరణ్యాలలోని పాడుబడిన కోటలు చూచి, గుత్త పోయిన తరువాత 1888లో హిందీలో ‘చంద్రకాంత’ వ్రాసినాడు. అయ్యారులను, తిలిస్మ్‌ను దాస్తాన్‌ల నుండియే గ్రహించినాడు. కాని జిన్నులను, మంత్రాలను చాల వరకు తొలగించి, తిలిస్మ్‌ను రహస్య ద్వారాలు, యంత్రాలు గల కట్టడముగా మార్చినాడు. భాగాలుగా వెలువడిన ఆ నవలను చదువుటకే ఎందరో హిందీ నేర్చుకొన్నారని ప్రసిద్ధి. తాను కన్నులారా చూచిన కోట ఉన్నందుననే ఆతని ప్రకరణాలు తడబడలేదని మేము తలుస్తాము. మన విద్యార్థులకు గోల్కొండ లేదా? ఓరుగల్లు లేదా? మంచు పర్వతాలలోని కోటలే ఎందుకు కావలసివచ్చినవో తెలియదు.

మాసపత్రికలు ఈ విద్యకు మరొక పాఠశాల. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యంగారు 1950లలో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ధారావాహికలు నడిపినారు. నెలకు కొన్ని పుటలు మాత్రమే లభించేవి. అందులోనే పాత కథను జ్ఞాపకము చేయవలెను, ఒక ఆపద దాటించవలెను, మరొక ఆపద చూపి నిలపవలెను. మన నవలాకారులు తమ నోటుపుస్తకాన్ని అట్లే ఎనిమిదేసి పుటలుగా విభజించి చూచుకొనుట మంచిది. ప్రతి భాగము చివర ‘తరువాత ఏమైనది?’ అని మిత్రుడు అడగకపోతే ఆ భాగాన్ని కొట్టివేయుటకు వెనుదీయరాదు. ప్రతి భాగము యుద్ధముతోనే ముగియవలెనని నియమము లేదు. తలుపు చప్పుడు చాలును.

మరొక సూచన. వ్రాసినదానిని బయటికి చదువవలెను. ఒక్కరికి కాదు, వసతిగృహంలో నలుగురైదుగురికి. ఎవరు ఎక్కడ ఆవులించినారో పుట ప్రక్కన గుర్తు పెట్టుకొనవలెను. దాస్తాన్‌గోకు శ్రోతల ముఖాలే అద్దము. ఢిల్లీలో చివరి దాస్తాన్‌గోగా పేరొందిన మీర్ బాకర్ అలీ 1928లో మరణించినారు. 2005లో మహమూద్ ఫారూఖీ ఆ కళను మరల వేదిక ఎక్కించినప్పుడు, అలంకరణ ఏమియు లేకుండ, ఇద్దరు కథకులు తెల్లని ఉడుపులలో కూర్చుండి చెప్పిన ఆ పాత కథలను నేటి శ్రోతలు సైతము కదలకుండ విన్నారు. వచ్చే సంచికకు నవల పంపదలచినవారు మొదట ఒక ప్రకరణాన్ని అట్లు చదివి, ఆవులింతల గుర్తులతో సహా మాకు అందజేయవచ్చును.